‘అండి’ అంటూనే బెదిరించే గొంతు: రావు గోపాలరావు, ఆయన తర్వాత

1969లో వచ్చిన ‘జగత్ కిలాడీలు’ సినిమాలో రావు గోపాలరావు కనిపిస్తారు గానీ వినిపించరు. ఆ పాత్రకు వేరొకరి చేత డబ్బింగ్ చెప్పించారు. ఆయన గొంతు జనానికి ఎక్కదని పంపిణీదారులు అభ్యంతరం పెట్టారని సినిమావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆరేళ్ళు తిరిగేసరికి అదే గొంతు కోసం జనం రెండోసారి టికెట్ కొన్నారు. తర్వాత ఇరవై ఏళ్ళూ తెలుగు సినిమాలో ఊరి పెద్దమనిషి మాట్లాడితే ఆ గొంతుతోనే మాట్లాడాడు. ఇవాళ తీర్థాల్లో, అంటే ఊరి జాతరల్లో, మిమిక్రీ చేసే కుర్రాళ్ళు ఆయన పోయాక పుట్టినవాళ్ళు. వాళ్ళ జాబితాలోనూ ఆ గొంతు ఉంటుంది.

వద్దన్న గొంతే పెట్టుబడి ఎలా అయింది? అదృష్టం కలిసొచ్చిందని సరిపెట్టుకోవచ్చు గానీ, అసలు జవాబు గోదావరి డెల్టాలో ఉంది. అక్కడి మాటలో, అక్కడి డబ్బులో, అక్కడి మర్యాదలో ఉంది.

అప్పటిదాకా తెలుగు తెర మీద విలన్‌కు ఒక కొలత ఉండేది. పౌరాణికాల నుంచి, జానపదాల నుంచి వచ్చిన కొలత అది. గొంతు గంభీరంగా ఉండాలి, మాట స్పష్టంగా పలకాలి, నవ్వితే కోట గోడలు అదరాలి. సాంఘికాల్లో ఆ మనిషికే సూటు తొడిగి చేతికి సిగరెట్టు ఇచ్చారు. గోపాలరావుది ఆ బాపతు గొంతు కాదు. కొంచెం జీర, కొంచెం సాగతీత, మాటకూ మాటకూ మధ్య తాపీగా ఒక ఆగడం. సంత దగ్గరో, రైసుమిల్లు గుమాస్తా బల్ల దగ్గరో వినిపించే గొంతు. విలన్ అంటే పక్కింటివాడిలా మాట్లాడకూడదన్న లెక్క ఉన్నంతకాలం ఆ గొంతుకు చోటు లేకపోవడంలో వింతేమీ లేదు.

ఆయన పుట్టింది 1937 జనవరి 14న, కాకినాడ దగ్గర గంగనపల్లిలో. కాకినాడ డెల్టాకు ఈశాన్యపు కొస. ధవళేశ్వరం దగ్గర గోదావరిలోంచి బయల్దేరిన కాలువ అక్కడిదాకా వెళుతుంది. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తి చేయించాక తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టాలకు నీళ్ళు పారాయి. కరువు సీమ వరిసీమ అయింది. పంట చేతికొచ్చాక ఆ డబ్బులో కొంత గుడికి, కొంత పెళ్ళిళ్ళకు, కొంత నాటకానికి పోయేది. నూర్పిళ్ళు అయ్యాక ఊరూరా తీర్థాలు, తీర్థానికో నాటకం. పద్యనాటకానికి హార్మోనిస్టును మాట్లాడి, రాజమండ్రి నుంచో కాకినాడ నుంచో పేరున్న నటుణ్ణి రప్పించి తెల్లవార్లూ ఆడించడం ఊరికి పరువు.

పద్యం పాడలేనివాడికి సాంఘిక నాటకం దారి చూపింది. కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు లాంటి సంస్థలు చదువుకున్న కుర్రాళ్ళను స్టేజీ ఎక్కించాయి. ఎస్వీ రంగారావు, ఆదినారాయణరావు, అంజలీదేవి ఆ వాతావరణంలోంచి వచ్చినవాళ్ళే. గోపాలరావు తర్వాతి తరం. మిత్రులతో కలిసి సొంతంగా ఒక నాటక బృందం పెట్టుకుని ఊళ్ళు తిరిగారు. రాజమండ్రిలో ఆయన వేసిన ‘కీర్తిశేషులు’ నాటకం ఎస్వీ రంగారావు కంటపడింది. భమిడిపాటి రాధాకృష్ణ రాసిన ఆ నాటకం అప్పట్లో నాటక పోటీలు పెట్టే పరిషత్తుల్లో బాగా ఆడేది. రంగారావు ఆయన్ను దర్శకుడు గుత్తా రామినీడుకు పరిచయం చేశారు. అలా 1966లో ‘భక్త పోతన’కు గోపాలరావు సహాయ దర్శకుడిగా చేరారు, అందులోనే మామిడి సింగనామాత్యుడి వేషం కూడా వేశారు.

ఇక్కడొక చిన్న మాట. డెల్టా నటులంతా ఊరు వదలాల్సి వచ్చింది గానీ, వదలకుండా ఉండే అవకాశం ఒకప్పుడు కొద్దిగా తొంగిచూసింది. 1936లోనే రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య దుర్గా సినీటోన్ పేరుతో స్టూడియో కట్టారు. అది నిలదొక్కుకోలేదు. ఆ తర్వాత గోదావరి ముఖాలిచ్చింది, మాటలిచ్చింది, పాటలకు పడవలూ కొబ్బరితోటలూ ఇచ్చింది. స్టూడియో మాత్రం మద్రాసులో, తర్వాత హైదరాబాదులో. డెల్టా నటుడి జీవితకథల్లో రైలెక్కే సన్నివేశం తప్పనిసరిగా ఉండటానికి కారణం ఇదే.

మద్రాసులో తొలి ఏళ్ళు గోపాలరావుకు పెద్దగా కలిసిరాలేదు. చిన్న వేషాలు, ఎవరో ఒకరి పక్కన నిలబడే పాత్రలు. కె.విశ్వనాథ్ 1973లో తీసిన ‘శారద’ లాంటివి కాస్త పేరు తెచ్చాయి. 1974 జూలైలో ఎస్వీ రంగారావు కన్నుమూశారు. తెర మీద కూర్చుంటే చాలు ఇల్లంతా తనదే అనిపించే నటుడి కుర్చీ ఖాళీ అయింది. సరిగ్గా ఏడాదికి, 1975 జూలైలో, ‘ముత్యాలముగ్గు’ విడుదలైంది. రంగారావు కుర్చీలో గోపాలరావు కూర్చున్నారని అనడం పొరపాటు. ఆయన తన కుర్చీ తానే వేసుకున్నారు. కాకపోతే పెద్దమనిషి పాత్రలకు కొత్త ముఖం కావాల్సిన కాలం అది.

ఏటి ఒడ్డు మనుషులు ముగ్గురు

‘ముత్యాలముగ్గు’ మాటలు రాసిన ముళ్ళపూడి వెంకటరమణ పుట్టింది ధవళేశ్వరంలో. దర్శకుడు బాపు నరసాపురంలో పుట్టారు. ఒకటి గోదావరి చీలే చోటు, రెండోది ఆ పాయ సముద్రంలో కలిసే చోటు. నటుడిది కాకినాడ. ఆనకట్ట నీళ్ళు పారిన నేల మూడు కొసల నుంచీ ఒక్కొక్కరు వచ్చారన్నమాట. సినిమాకు ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది, ఇషాన్ ఆర్య ఛాయాగ్రహణానికీ జాతీయ అవార్డు దక్కింది. కథ ఉత్తర రామాయణం పోలిక. సంపన్న కుటుంబంలో అడుగుపెట్టిన ఒక పేదింటి పిల్ల మీద నింద వేయించి, కాపురం చెడగొట్టి, ఆ సంబంధం తన కూతురికి దక్కించుకోవాలని ఒకడు ఎత్తు వేస్తాడు. ఆ పని గుత్తకు తీసుకునేవాడు కాంట్రాక్టరు. గోపాలరావు వేసిన పాత్ర అదే.

ఆ పాత్ర కాంట్రాక్టరే ఎందుకయ్యాడన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం. డెల్టాలో కాంట్రాక్టరంటే కాలువతో పాటు పుట్టిన మనిషి. ఏటా వేసవిలో దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. నీళ్ళు మళ్ళీ వదిలేలోపు ఆ కొద్ది వారాల్లోనే పూడిక తీయాలి, గట్లు ఎత్తు చేయాలి, లాకులకూ తూములకూ మరమ్మతులు చేయాలి. పనులు అయ్యాయో లేదో తేల్చేలోపే నీళ్ళు వచ్చేస్తాయి. నీళ్ళొచ్చాక కాలువ అడుగున ఎంత మట్టి తీశారో కొలిచేదెవరు? ఈ ఒక్క సౌకర్యం మీద ఎన్ని మేడలు లేచాయో డెల్టా రైతుకు చెప్పక్కర్లేదు. పైగా ఆ సినిమా వచ్చిన నాటికి ధవళేశ్వరంలో పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ కడుతున్నారు. 1970లో మొదలైన ఆ పని 1982కు గానీ పూర్తి కాలేదు. కంకర, ఇసుక, కూలీలు, బిల్లులు రోజూ నోళ్ళలో నానే మాటలు. అలాంటి చోట కాంట్రాక్టరు అనగానే ప్రేక్షకుడికి ఒక మనిషి కళ్ళ ముందు మెదులుతాడు. వాడు కత్తి పట్టడు. పని ఒప్పుకుంటాడు, రేటు చెప్తాడు, అడ్వాన్సు తీసుకుంటాడు. ఒకరి కాపురం కూల్చడం కూడా వాడికి ఒక పనే.

ఆ మనిషికి రమణ పెట్టిన అలంకారం కళాభిమానం. సన్నాయి మేళాన్ని వెంటేసుకుని తిరుగుతాడు. తెల్లవారుజామున సూర్యుణ్ణి చూస్తే ఆకాశంలో హత్య జరిగినట్టు కనిపిస్తుంది వాడికి. మనిషన్నాక కాస్త ‘కలాపోసన’ ఉండాలని పక్కవాడికి నీతి చెప్తాడు. ఆ మాట ఇప్పటికీ తెలుగువాళ్ళ నోట ఆడుతూనే ఉంది. అసలు పదం ‘కళాపోషణ’లోని ళకారం, షకారం, ణకారం మూడూ అందులో ఎగిరిపోయాయి. చదువు అబ్బని వాడని వెక్కిరించడానికి అలా పలికించారనుకుంటే సగమే అర్థమైనట్టు. పంట డబ్బుతో నాటకాలు ఆడించి, నటుడికి నోట్ల దండ వేసి, తానూ కళను పోషిస్తున్నానని మీసం దువ్వుకునే డెల్టా ఆసామి మీద అది డెల్టావాళ్ళే వేసుకున్న చెణుకు. నాటకాల మీద బతికి వచ్చిన గోపాలరావు అలాంటి పోషకుల ముందు ఎన్నిసార్లు చేతులు కట్టుకుని నిలబడి ఉంటారో! ఆ మాటను ఆయన వెక్కిరింతగా పలకలేదు, నమ్మి పలికారు. నవ్వు వచ్చిందీ, ఒళ్ళు జలదరించిందీ అందుకే.

గోదావరి జిల్లాల మాటలో బయటివాళ్ళు ముందుగా పట్టుకునేది ‘ఆయ్’, ‘గోరు’, ‘ఏటండీ’, ‘కూసింత’ లాంటి పదాల్ని. మిమిక్రీకి అవి చాలు. నటనకు చాలవు. అక్కడి మాటకు అసలు ఇరుసు ‘అండి’. రిక్షా తొక్కేవాడూ అంటాడు, అప్పిచ్చినవాడూ అంటాడు, తిట్టేవాడూ అంటాడు. మర్యాద తగ్గకుండానే ఎంత మాటైనా అనొచ్చు. ‘మీరు చాలా గొప్పోరండి’ అన్న మాటలో పొగడ్త ఎంతో ఎత్తిపొడుపు ఎంతో, గొంతు వింటే తప్ప తేలదు. వెటకారం అంటే ఇదే. కోపం చూపించే హక్కు లేనివాడు దాన్ని ఆయుధం చేసుకుంటాడు. కోపం చూపించాల్సిన అవసరం లేనివాడు దాన్ని సరదాకి వాడతాడు.

గోపాలరావు విలన్లు రెండో రకం. వాళ్ళకు అరవాల్సిన పని లేదు. ఊళ్ళో అందరూ వాళ్ళకు ఏదో ఒక రకంగా బాకీ. కాబట్టి గొంతు తగ్గించి, నింపాదిగా, ఎదుటివాడికి కుర్చీ చూపించి మరీ మాట్లాడతారు. ఆయన వాక్యాన్ని ముక్కలు చేసే తీరు గమనించాలి. పేరు పలికి ఆగుతారు. ఆ ఆగినంతసేపూ ఎదుటివాడు లెక్కలు వేసుకుంటూ ఉంటాడు. తర్వాత మిగతా మాట జారవిడుస్తారు. భయం ఆ ఆగడంలో పుడుతుంది. పరిషత్తు నాటకాల్లో ఆరితేరిన నటుడికి ఆగడం ఎంత విలువైనదో తెలుసు. చప్పట్లకూ నవ్వులకూ చోటివ్వకపోతే తర్వాతి మాట కొట్టుకుపోతుంది. సినిమాలో చప్పట్లు కొట్టేవాళ్ళు ఎదురుగా ఉండరు. అయినా ఆయన ఆ చోటు వదలడం మానలేదు. హాల్లో జనం దాన్ని వచ్చి నింపారు.

మరో సంగతి కూడా ఇందులో ఉంది. ఈ గోదావరి మాట తెర మీద తయారైంది గోదావరిలో కాదు, మద్రాసులో. బాపు, రమణ ఇద్దరూ చిన్నతనంలోనే మద్రాసు చేరి అక్కడ బడిలో స్నేహితులైనవాళ్ళు. 1967లో తొలి సినిమా ‘సాక్షి’ తీయడానికి మళ్ళీ వెతుక్కుంటూ డెల్టాలోని పులిదిండికి వచ్చారు. దూరంగా ఉన్న చెవి సొంతూరి మాటను ఇంకా శ్రద్ధగా దాచుకుంటుంది కాబోలు. పెద్దయ్యాక మద్రాసు వెళ్ళిన గోపాలరావు దగ్గర ఆ మాట ఇంకా పచ్చిగా ఉంది. రాసినవాళ్ళ జ్ఞాపకానికి ఆయన ఒళ్ళిచ్చారు.

ఆ తర్వాత జరిగింది కొంత ఘనత, కొంత అరుగుదల. 1979లో ‘వేటగాడు’కు జంధ్యాల మాటలు రాశారు. ఆయనదీ నరసాపురమే, పుట్టింది కూడా జనవరి 14నే. విలన్ నోట ప్రాసల వరద పారించారు. జనం ఊగిపోయారు. అక్కణ్ణుంచి చాలామంది రచయితలకు ఒక సులువు దొరికింది. గోపాలరావు పాత్ర అనగానే నాలుగు ప్రాసలు, రెండు సామెతలు, ఒక తిట్టు రాసి పంపేయడమే. వాటిని కూడా ఆయన వినదగ్గట్టే చేశారు గానీ, మాట వెనకాల మనిషి లేని పాత్రలు ఎన్నో పోగుపడ్డాయి. పాలకొల్లు నుంచి వచ్చిన అల్లు రామలింగయ్యతో ఆయన జంట లేకపోతే ఆ సినిమాల్లో చాలావాటిని ఇప్పుడు కూర్చుని చూడలేం. ఒకరు సాగదీస్తే మరొకరు గబగబా అందుకునేవారు. పద్యానికి హార్మోనియంలా కుదిరింది ఆ జోడి. 1983 ‘ఖైదీ’లో వీరభద్రయ్య దగ్గరికొచ్చేసరికి పెద్దమనిషి మళ్ళీ భూమి మీద నిలబడ్డాడు. 1992 ‘ఘరానా మొగుడు’ నాటికి ఆయన హీరోయిన్ తండ్రి, హీరో పక్షం. కూతురి పొగరు అణిగితే లోలోపల సంతోషించే పారిశ్రామికవేత్త. నడుమ 1986 నుంచి 1992 వరకు రాజ్యసభ సభ్యుడిగా ఉన్నారు. 1994 ఆగస్టు 13న, యాభై ఏడేళ్ళ వయసులో చనిపోయారు.

ఈ కథలో ఒక పేచీ ఉంది. గోదావరి మాటకు తెర మీద ఇంత వైభవం పట్టినా అది విలన్‌కూ కమెడియన్‌కూ పాలేరుకూ మాత్రమే దక్కింది. కృష్ణంరాజు, చిరంజీవి ఇద్దరిదీ నరసాపురం పక్కన మొగల్తూరే. వాళ్ళు హీరోలుగా మాట్లాడింది ఎక్కువగా ఏ ఊరిదీ కాని సినిమా తెలుగు. మంచివాడు పుస్తకంలా మాట్లాడాలి, చెడ్డవాడు ఊరివాడిలా మాట్లాడాలి అన్న ఈ విభజన యాసకు మేలు చేసిందా కీడు చేసిందా అంటే కీడే ఎక్కువ. వెటకారం ఒక్కటే గోదావరి గుణమన్నట్టు తయారైంది. 2018లో ‘రంగస్థలం’ వచ్చాక గానీ ఒక పెద్ద హీరో సినిమా అంతా ఆ నేల మాట మాట్లాడలేదు. దాని దర్శకుడు సుకుమార్‌ది కోనసీమలోని మట్టపర్రు. అందులోనూ విలన్ నోరెత్తి అరవని ప్రెసిడెంటే. గోపాలరావు వేసిన దారి ఎంత లోతుగా ఉందో దాన్ని బట్టి తెలుస్తుంది.

చిన్న తెర మీదుగా

గోపాలరావు పోయిన మరుసటి ఏడాది, 1995లో, తెలుగులో ప్రైవేటు టీవీ ఛానెళ్ళు వచ్చాయి. ఆయన కెరీర్‌లో టీవీ లేదు. ఆయన తర్వాతి జీవితమంతా మాత్రం టీవీలోనే. పాత సినిమాలు మధ్యాహ్నం పూట ఇంట్లో ఆడాయి. ‘ముత్యాలముగ్గు’ వచ్చిన నాటికి పుట్టనివాళ్ళు కూడా ‘కలాపోసన’ అనడం అలా నేర్చుకున్నారు. ఇంకో పని కూడా టీవీ చేసింది, ఆయన కొడుకును నటుణ్ణి చేసింది.

రావు రమేష్ శ్రీకాకుళంలో పుట్టి మద్రాసులో పెరిగారు. ఫొటోగ్రఫీ మీద మనసు. తల్లి కమలకుమారి హరికథా కళాకారిణి. నటన వైపు తిప్పింది ఆమే. తొలి గుర్తింపు ‘పవిత్రబంధం’, ‘కలవారి కోడలు’ లాంటి సీరియళ్ళతో వచ్చింది. అంతటి నటుడి కొడుకు సీరియల్ గుమ్మంలోంచి రావడమేమిటని అప్పట్లో అనిపించి ఉండొచ్చు. పరిశ్రమలో తండ్రి లేని కొడుక్కి తండ్రి పేరు ఎంతవరకు పనికొస్తుందో అక్కడివాళ్ళకు బాగా తెలుసు. హీరోల కొడుకులకు సినిమా తీసే నిర్మాత దొరుకుతాడు. క్యారెక్టర్ నటుడి కొడుక్కి కాల్‌షీటు దొరికితే గొప్ప.

డైలీ సీరియల్ నటుడికి నేర్పేది నాటకం నేర్పేదానికి దాదాపు తలకిందులు. నాటకంలో ఒక పాత్రను నెలల తరబడి రిహార్సల్ వేస్తారు, మాటలు ఒంట్లో ఇంకిపోతాయి, గొంతు చివరి వరుసలో చాప మీద కూర్చున్న ముసలమ్మకు చేరాలి. సీరియల్లో ఆ రోజు సీను పేపరు ఆ పొద్దునే చేతికొస్తుంది. ఒక్కోసారి షాట్ పెట్టాక వస్తుంది. కెమెరా పక్కన నిలబడి ఒకరు ప్రాంప్టింగ్ చెప్తుంటారు. వింటూ పలకాలి, పలుకుతూ వింటున్నట్టు కనిపించకూడదు. రోజుకిన్ని సీన్లు పూర్తి కావాలి, కాబట్టి రెండో టేక్ ఆశ పెట్టుకోకూడదు. కెమెరా ముఖం మీదే ఉంటుంది. కనుబొమ కాస్త ఎక్కువ లేస్తే అతి అయిపోతుంది. అసలు చూసేవాళ్ళు కూడా హాల్లో చీకట్లో కూర్చున్నవాళ్ళు కారు. అన్నం వండుకుంటూ, పిల్లాడి చేత ఎక్కాలు చెప్పించుకుంటూ వంటింట్లోంచి చెవి ఒకటి అటు వేసినవాళ్ళు. వాళ్ళను పట్టుకోవాలంటే అరిస్తే కుదరదు, పక్కన కూర్చుని చెప్పినట్టు చెప్పాలి.

సీరియళ్ళను ఈసడించడం మామూలే. అందులో చాలా వాటికి ఆ ఈసడింపు తగినదే. కానీ గట్టిగా మాట్లాడకుండా మనిషిని నిలబెట్టే విద్య, చేతికొచ్చిన కాగితాన్ని పావుగంటలో సొంతం చేసుకునే విద్య అక్కడ నేర్చినంత వేగంగా మరోచోట అబ్బదు. 2008లో ‘గమ్యం’, ‘కొత్త బంగారు లోకం’ వచ్చినప్పుడు రావు రమేష్‌ను చూసినవాళ్ళకు కొత్తగా తోచింది ఆ తగ్గింపే. ఒకదాంట్లో నక్సలైటు, మరొకదాంట్లో లెక్చరరు. రెండింట్లోనూ తండ్రి నీడ కోసం వెతికితే దొరకదు.

నీడ తర్వాత వచ్చింది, అదీ మళ్ళీ డెల్టా వాళ్ళ చేతుల మీదుగా. ‘కొత్త బంగారు లోకం’, ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’ తీసిన శ్రీకాంత్ అడ్డాలది పశ్చిమ గోదావరిలోని రేలంగి. ఆయనే 2014లో భీమవరం నేపథ్యంగా తీసిన ‘ముకుంద’లో రమేష్ మునిసిపల్ చైర్మన్. 2016లో భీమవరానికే చెందిన త్రివిక్రమ్ ‘అ ఆ’లో ఆయనకు పల్లం వెంకన్న పాత్ర ఇచ్చారు. భీమవరం పక్కన కలవపూడిలో డబ్బున్న పెద్దమనిషి. హీరో కుటుంబానికి అప్పిచ్చినవాడు, ఆ అప్పును సంబంధంగా మార్చుకోవాలని చూసేవాడు.

కాంట్రాక్టరును, పల్లం వెంకన్నను పక్కపక్కన నిలబెడితే డెల్టా నలభై ఏళ్ళలో ఎటు నడిచిందో కనిపిస్తుంది. కాలువ పనుల మీద బతికినవాడు పోయి, ఊరికి అప్పులిచ్చి బతికేవాడు వచ్చాడు. 1980ల తర్వాత భీమవరం చుట్టూ వరిచేలు చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మారాయి. ఎకరానికి ఇన్ని బస్తాలు అని లెక్కపెట్టే ఊళ్ళలో కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది), రేటు, మేత, అప్పు అనే లెక్క వచ్చింది. రొయ్యకు తెగులు తగిలితే ఒక్క వారంలో మునిగేవాడు, నిలిస్తే ఒక్క పంటలో తేలేవాడు. అలాంటి ఊళ్ళో అందరికంటే బలమైనవాడు భూమి ఉన్నవాడు కాదు, సమయానికి చేతిలో రొక్కం ఉన్నవాడు. వెంకన్న విలనీ అంతా ఆ రొక్కపు ధీమా. పైగా వాడు క్రూరుడు కూడా కాదు, కూతురి పెళ్ళి కోసం తాపత్రయపడే తండ్రి. శత్రువులు ఎక్కడో ఉండరు, మన ఇళ్ళల్లోనే కూతుళ్ళ రూపంలో తిరుగుతుంటారని వాపోయే చోట హాళ్ళు నవ్వాయి. తండ్రి అయితే ఆ మాటను పేల్చేవారు. కొడుకు దాన్ని నిట్టూర్చారు.

ఆ తేడా స్వభావంలోనిది కాదనిపిస్తుంది. ఒకరికి స్టేజీ నేర్పింది, ఇంకొకరికి క్లోజప్ నేర్పింది. ఇద్దరిలోనూ ఉమ్మడిగా ఉన్నది ‘అండి’ మీద పట్టు. చిత్రమేమంటే, రమేష్ డెల్టాలో పెరగలేదు. ఆ మాట ఇంట్లో తండ్రి నోట విన్నది, తెర మీద విన్నది. బాపు రమణలు మద్రాసులో దాచుకున్నదాన్ని తండ్రి పట్టుకొచ్చిన మాటతో కలిపి ఇంకో మద్రాసు పిల్లాడు అందుకున్నాడు. యాస ఊరి మట్టిలోంచి దానంతటదే మొలుస్తుందని నమ్మేవాళ్ళు ఈ వరుసను ఒకసారి చూడాలి. 2021లో ‘పుష్ప’లో భూమిరెడ్డి సిద్దప్పనాయుడిగా ఆయన చిత్తూరు మాట పట్టుకున్నారు. ‘కేజీఎఫ్’ రెండో భాగంలో సీబీఐ అధికారిగా ఏ ఊరి మాటా లేకుండా నిలబడ్డారు. చెవి ఉన్నవాడికి జిల్లా అడ్డం కాదు.

2024 ఆగస్టులో ‘మారుతీనగర్ సుబ్రమణ్యం’లో రావు రమేష్ హీరో అయ్యారు. ఏళ్ళ తరబడి ప్రభుత్వ ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, భార్య జీతం మీద రోజులు వెళ్ళదీసే మనిషి పాత్ర. వాడికి ఊళ్ళో ఎవరూ బాకీ లేరు, వాడే అందరికీ బాకీ. కుర్చీ చూపించి మాట్లాడే పెద్దమనిషి ఎదురుగా, ఇన్నాళ్ళూ చేతులు కట్టుకుని నిలబడ్డవాడు.